పేరు చాలని చోట సంఖ్య

అధ్యాపక వృత్తిలో ప్రవేశించిన తొలి సంవత్సరాలలో నేను చేసిన ఒక పొరపాటు ఇప్పటికీ నా మనస్సును వీడలేదు. అర్ధ సంవత్సర పరీక్షల మార్కులను తల్లిదండ్రులకు తెలియజేసే పత్రాలను సిద్ధపరిచే బాధ్యతను ఆ ఏడు నాకు అప్పగించారు. ఆ తరగతిలో పేరు, ఇంటిపేరు రెండూ ఒకటే అయిన విద్యార్థినులు ఇద్దరుండేవారు. ఒకరి రోల్ నంబరు 17, మరొకరిది 43. నేను ఒక్కొక్క పత్రంపై ఉన్న పేరు చూసి, మార్కుల రిజిస్టరులో ఆ పేరు కోసం పైనుండి కిందికి వేలు జరుపుతూ, పేరు కనిపించిన వెంటనే దాని ఎదురుగా ఉన్న అంకెలను ఎక్కించుకుంటూ పోయాను. ఫలితంగా ఇద్దరి పత్రాలలోనూ 17వ నంబరు మార్కులే పడ్డాయి. ఆ అమ్మాయి రెండు సబ్జెక్టులలో తప్పింది. 43వ నంబరు అమ్మాయి తరగతిలో మొదటి అయిదుగురిలో ఒకతె.

పది రోజుల తర్వాత ఆ రెండవ అమ్మాయి తండ్రి టి.సి. కోసం కళాశాలకు వచ్చాడు. "చదువు అబ్బనప్పుడు బస్సు చార్జీలు దండగ కదండీ, ఇంటి పట్టున ఉంటుంది లెండి" అన్నాడు. అమ్మాయి గుమ్మం అవతల తల వంచుకొని నిలబడి ఉంది. ఆ మార్కులు తనవి కావని ఆమె ఇంట్లో చెప్పింది గాని, కాగితంపై కళాశాల ముద్ర ఉన్నందువల్ల ఎవరూ నమ్మలేదు. రిజిస్టరు తెప్పించి చూసిన తర్వాత గాని నా తప్పు నాకు తెలియలేదు. పత్రాన్ని మళ్లీ రాసి, ఆయనకు క్షమాపణ చెప్పి పంపించాను. ఆలోచిస్తే, రోల్ నంబరు ప్రతి పత్రం మీదా ఉంది. నేనే దానిని చూడక పేరుతో వెదికాను.

చాలా కాలం తర్వాత నా పూర్వ విద్యార్థి ఒకరు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా పనిచేస్తున్నవారు, నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "మాస్టారూ, మీరు చేసిన తప్పును మేము ప్రోగ్రాములలో రోజూ చేస్తూనే ఉంటాం. అది జరగకుండా చూడటానికే మా విద్యలో సగం పుట్టింది" అన్నారు. ఆనాడు ఆయన నాకు ఓపికగా వివరించిన విషయమే ఈ పాఠానికి ఆధారం. లక్షలాది నమోదులున్న సమాచార నిధి నుండి మనకు కావలసిన ఒక్క నమోదును, లేదా కొన్ని నమోదులను, గుర్తింపు సంఖ్య ఆధారంగా ఎలా ఎంచుకొంటారు? ఎంచుకొనేటప్పుడు పొంచి ఉండే ప్రమాదాలు ఏవి?

సాహిత్య చరిత్ర చదివినవారికి పేర్ల చిక్కు కొత్తది కాదు. మహాభారతంలో పదిహేను పర్వాలను తెనిగించిన తిక్కన సోమయాజి ఒకరు. ఆయనకు వరుసకు సోదరుడు, యుద్ధవీరుడు అయిన ఖడ్గతిక్కన వేరొకరు. కవిబ్రహ్మ తాతగారి పేరు మంత్రి భాస్కరుడు. భాస్కర రామాయణ కర్తలలో ఒకరి పేరు హుళక్కి భాస్కరుడు. ఈ భాస్కరులిద్దరూ ఒకరేనా, వేర్వేరా అన్న చర్చ పండితుల నడుమ చాలాకాలం సాగింది. ఖడ్గ, మంత్రి, హుళక్కి అనే విశేషణాలు పేరు ఒక్కటే చాలని చోట లోకం తగిలించుకున్న ఆనవాళ్లు. నా పరిశోధన రోజులలో తాళపత్ర గ్రంథాల కోసం తిరిగినప్పుడు కూడా ఇదే అనుభవం. ఒకే కావ్యానికి అనేక ప్రతులుంటాయి. ఒకే తాటాకు కట్టలో రెండు మూడు గ్రంథాలు కలిసి ఉంటాయి. కావ్యం పేరు చెప్పి అడిగితే ఏదో ఒక ప్రతి చేతికి వస్తుంది. నిన్న చూసిన ప్రతినే మళ్లీ చూడాలంటే పట్టికలోని సంఖ్య చెప్పి అడగవలసిందే.

కంప్యూటరులో సమాచారాన్ని భద్రపరచడానికి నేడు అత్యధికంగా వాడుకలో ఉన్న పద్ధతికి పునాది వేసినవాడు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో ఐబీఎం సంస్థ పరిశోధనశాలలో పనిచేసిన ఈ గణితజ్ఞుడు 1970లో ఒక వ్యాసం ప్రకటించాడు. సమాచారమంతటినీ పట్టికల రూపంలో ఊహించాలని, ప్రతి పట్టికలోనూ ఒక అడ్డువరుసను మరొక అడ్డువరుస నుండి వేరుచేసి చూపగల అంశం ఒకటి ఉండాలని ఆయన ప్రతిపాదించాడు. ఆ అంశాన్నే ప్రైమరీ కీ అన్నాడు. తెలుగులో దానిని ప్రధాన గుర్తింపు అనవచ్చు. మన హాజరు పట్టీలో పేరు, తండ్రి పేరు, ఊరు, రోల్ నంబరు అనే నిలువు వరుసలుంటాయి. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క అడ్డువరుస. వీటిలో రోల్ నంబరు మాత్రమే ప్రధాన గుర్తింపు కాగలదు.

ఎందుకని? ప్రధాన గుర్తింపు కావాలంటే అది ఏ ఇద్దరికీ ఒకటి కాకూడదు, ఎవరికీ ఖాళీగా ఉండకూడదు. ఈ రెండూ నియమాలు. మూడవది నియమం కాదు గాని, అనుభవం నేర్పిన జాగ్రత్త: ఒకసారి ఇచ్చాక అది మారకూడదు. పేరు మొదటి పరీక్షలోనే ఓడిపోతుంది. పుట్టిన తేదీ కూడా అంతే. కవలలను తలచుకుంటే చాలు. సెల్‌ఫోన్ నంబరు మొదటి చూపుకు బాగున్నట్టే ఉంటుంది. కాని ఇంట్లో నలుగురికీ ఒకే ఫోను ఉండవచ్చు. వాడకం మానివేసిన నంబరును కంపెనీ మరికొన్నాళ్లకు వేరొకరికి ఇస్తుంది. ఆనాడు పాత యజమాని సమాచారం కొత్త యజమానికి చేరుతుంది. అందువల్ల అనుభవజ్ఞులు మనిషికి సంబంధించిన ఏ లక్షణాన్నీ నమ్ముకోక, అర్థమేమీ లేని ఒక సంఖ్యను యంత్రం చేతనే ఇప్పిస్తారు. మొదటి వరుసకు 1, తర్వాతి దానికి 2, ఇలా. అర్థం లేకపోవడమే దాని బలం. ఇల్లు మారినా, పేరు మారినా, పెళ్లయి ఇంటిపేరు మారినా ఆ సంఖ్యకు మారవలసిన అవసరం కలుగదు.

ఈ సంఖ్యల వరుసలో అప్పుడప్పుడు ఖాళీలు కనిపిస్తాయి. 5 తర్వాత 7 వస్తుంది. 6 ఏమైందని కొత్తవారు కంగారుపడతారు. 6వ నమోదును ఎవరో తొలగించి ఉండవచ్చు, లేదా నమోదు మధ్యలో ఆగిపోయి యంత్రం ఆ సంఖ్యను వదులుకొని ఉండవచ్చు. ఖాళీని పూడ్చడానికి ప్రయత్నించరాదు. పోయినవారి సంఖ్యను వచ్చినవారికి ఇస్తే, పాత కాగితాలన్నీ కొత్తవారి పేరు చెప్పడం మొదలుపెడతాయి.

ఇక వెబ్‌సైటు సంగతికి వద్దాం. మనం ఫలితాల కోసం వెబ్‌సైటులో హాల్‌టికెట్ సంఖ్య కొట్టినప్పుడు, ఎక్కడో ఒక ప్రోగ్రాం ఆ సంఖ్యను అందుకొని, సమాచార నిధిని అడిగి, దొరికిన వరుసను పేజీగా మలచి పంపుతుంది. ఇటువంటి పనులు ప్రతి వెబ్‌సైటుకూ అవసరమే గనుక వాటిని ముందుగానే సిద్ధం చేసి ఉంచిన ఉపకరణాల సముదాయాన్ని వెబ్ ఫ్రేమ్‌వర్క్ అంటారు. ఇల్లు కట్టేవాడు ప్రతిసారీ ఇటుకలు కాల్చుకోనక్కరలేదు కదా! వాటిలో జాంగో అనేది ఒకటి. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊరి దినపత్రికలో పనిచేస్తున్న ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ అనే ఇద్దరు 2003లో దీనికి రూపకల్పన ఆరంభించారు. పత్రికా కార్యాలయంలో గంటలలో పని పూర్తికావాలి గనుక త్వరగా పేజీలు తయారుచేయగల సాధనం వారికి కావలసి వచ్చింది. 2005లో దానిని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు విద్వాంసుని పేరు దానికి పెట్టారు. అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు పట్టు కోల్పోయినా, మిగిలిన వేళ్లతోనే యూరప్ అంతటా కీర్తి గడించిన కళాకారుడాయన.

జాంగోలో మనం ఒక పట్టిక కావాలని చెబితే చాలు, ప్రధాన గుర్తింపును మనం అడగకపోయినా అదే చేర్చుకుంటుంది. దానికి ఐడి అని పేరు. 2021లో వచ్చిన 3.2 రూపం నుండి కొత్తగా ఆరంభించే పనులలో ఈ సంఖ్యకు 64 బిట్ల చోటు కేటాయిస్తున్నది. అంతకుముందు 32 బిట్లే. దానిలో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. రెండు వందల కోట్లు దాటిన సంఖ్య ఒక కళాశాలకు సముద్రమంత. కాని ప్రపంచమంతటా వాడే వెబ్‌సైటుకు అదీ ఒకనాటికి నిండిపోయే కుండే.

ఒక్క నమోదును తెచ్చుకోవడానికి జాంగోలో గెట్ అనే ఆజ్ఞ ఉంది. విద్యార్థుల పట్టికకు, ఐడి 43గా గలవారిని తెమ్మని ఈ ఆజ్ఞ ఇస్తే మూడింటిలో ఒకటి జరుగుతుంది. సరిగ్గా ఒక వరుస దొరికితే దానిని తెచ్చి ఇస్తుంది. ఏదీ దొరకకపోతే, అటువంటిది లేదని దోషం ప్రకటించి పని ఆపివేస్తుంది. ఒకటి కంటె ఎక్కువ దొరికితే, ఒకటి అడిగిన చోట అనేకం ఉన్నాయని మరొక దోషం ప్రకటించి ఆగిపోతుంది. ప్రధాన గుర్తింపుతో అడిగినంతకాలం ఈ మూడవది జరగడానికి వీలు లేదు. పేరుతో అడిగితేనే జరుగుతుంది.

ఈ మూడవ ప్రవర్తన నాకు ఎంతో నచ్చింది. ఆనాడు నా చేతిలో రిజిస్టరుకు బదులు ఈ ఆజ్ఞ ఉండి, నేను పేరుతోనే వెదికి ఉంటే, ఇద్దరున్నారని చెప్పి అది ఆగిపోయి ఉండేది. ఆగిపోవడం అసౌకర్యమే. కాని ఒక అమ్మాయి చదువు ఆగిపోవడం కంటె ఆ అసౌకర్యం ఎంతో మేలు.

జాంగోలోనే ఫిల్టర్ అనే మరొక ఆజ్ఞ ఉంది. ఇది జల్లెడ వంటిది. నిబంధనకు సరిపోయిన వరుసలన్నింటినీ ఇస్తుంది. ఏదీ సరిపోకపోతే ఖాళీ జాబితా ఇస్తుంది. ఏ దోషమూ ప్రకటించదు. దీనికి ఫస్ట్ అనే మాటను తగిలిస్తే, దొరికినవాటిలో మొదటిది మాత్రం ఇస్తుంది. వేరే క్రమం చెప్పకపోతే ఐడి సంఖ్య తక్కువగా ఉన్న వరుసే మొదటిది. పేరు చెప్పి ఫిల్టర్ చేసి ఫస్ట్ అడగడమంటే, నేను ఆనాడు రిజిస్టరులో వేలు జరిపి మొదట కనిపించిన పేరు దగ్గర ఆగిపోవడమే! 43 కంటె 17 ముందు వస్తుంది గదా. దోషసూచన రాకుండా ప్రోగ్రాం నడిచిపోవాలనే తొందరలో చాలామంది ఈ మార్గం పడతారని నా విద్యార్థి చెప్పారు. ప్రోగ్రాం నడుస్తుంది. తప్పు మనిషి సమాచారంతో నడుస్తుంది. చదవడం వరకే అయితే కొంత నయం. ఫిల్టరుకు అప్‌డేట్ అనే ఆజ్ఞను తగిలిస్తే జల్లెడలో మిగిలిన వరుసలన్నీ ఒక్క దెబ్బకు మారిపోతాయి. ఒకరి చిరునామా మార్చబోయి అదే పేరు గల పదిమంది చిరునామాలు మార్చినట్లవుతుంది. ఎన్ని వరుసలు మారాయో ఆ ఆజ్ఞ ఒక సంఖ్యగా తిరిగి చెబుతుంది. 1 రావలసిన చోట 10 వచ్చిందేమో చూసుకొనే అలవాటు ఉండాలి.

వెబ్‌సైటులో చదువరి అడిగిన సంఖ్య నిజంగానే లేకపోవచ్చు. అప్పుడు ప్రోగ్రాం కుప్పకూలకుండా, ఆ పేజీ లేదని మర్యాదగా చెప్పాలి. ఇంటర్నెట్ మర్యాదలో దానికి 404 అనే సంకేతం ఉంది. మీరంతా ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. గెట్ చేసే పనిని, దొరకనప్పుడు 404 చెప్పే పనిని కలిపి జాంగోలో ఒకే ఉపకరణంగా చేశారు. అందువల్ల దానిని విరివిగా వాడతారు.

లక్షల వరుసల నుండి ఒక్కటి ఇంత వేగంగా ఎలా దొరుకుతుందన్న సందేహం మీకు కలగాలి. శబ్దరత్నాకరంలో ఒక మాట కోసం మొదటి పుట నుండి చదువుకుంటూ పోము. అకారాది క్రమం ఉంది గనుక సుమారు ఆ అక్షరం ఉన్నచోట తెరచి, ముందుకో వెనుకకో జరుపుకుంటాం. సమాచార నిధి కూడా ప్రధాన గుర్తింపుల కోసం ఒక సూచికను ఎల్లవేళలా క్రమంలో ఉంచుకుంటుంది. బోయింగ్ సంస్థ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ అనేవారు 1970 ప్రాంతంలో రూపొందించిన బీ-ట్రీ అనే పద్ధతి దీనికి మూలం. ఒక చెట్టును ఊహించండి. మొదట్లో ఉన్న పుటలో నూరు దారులుంటాయి. 1 నుండి 10,000 వరకు ఈ దారి, 10,001 నుండి 20,000 వరకు ఆ దారి అని రాసి ఉంటుంది. ఎంచుకున్న దారి చివర మరొక పుట, అందులో మళ్లీ నూరు దారులు. నూరును నూరుతో, మళ్లీ నూరుతో గుణిస్తే పది లక్షలు. అంటే పది లక్షల వరుసలలో ఒకదానిని చేరడానికి మూడు పుటలు తిప్పితే చాలు. పది కోట్ల వరుసలైతే నాలుగు పుటలు. వరుసలు నూరు రెట్లు పెరిగినా శ్రమ ఒక్క పుట మాత్రమే పెరుగుతుంది! సూచిక లేని నిలువు వరుసలో వెదకడమంటే మాత్రం పది లక్షల వరుసలనూ మొదటి నుండి చివరి వరకు చదవడమే.

ఒక్కటి కాక, కొన్ని నమోదులు కావలసి వచ్చినప్పుడు ఏమి చేయాలి? ఉపకారవేతనానికి ఎంపికైన రెండు వందల మంది ఐడి సంఖ్యల జాబితా మన దగ్గర ఉన్నదనుకుందాం. ఒక్కొక్క సంఖ్యకు ఒక్కొక్కసారి గెట్ చేస్తే సమాచార నిధికి రెండు వందల సార్లు కబురు పంపినట్లు. రెండు వందల వస్తువులకు రెండు వందల సార్లు అంగడికి వెళ్లేవాడిని మనం ఏమంటాం? చీటీ రాసి ఒక్కసారి పంపాలి. జాంగోలో ఆ చీటీని ఫిల్టర్ ద్వారా పంపుతారు. ఐడి అనే మాట, రెండు కింది గీతలు, ఆ తర్వాత ఇన్ అనే మాట కలిపి రాసి, సంఖ్యల జాబితా ఇస్తే, ఐడి ఈ జాబితాలో ఉన్న వరుసలన్నీ ఒకే ప్రయాణంలో వస్తాయి.

ఈ చీటీతో కొన్ని తిరకాసులున్నాయి. వాటిని తెలుసుకోకపోతే మళ్లీ నా కథే పునరావృతమవుతుంది. మనం 43, 17, 5 అని రాసినంత మాత్రాన వరుసలు ఆ క్రమంలోనే రావాలని లేదు. క్రమం ప్రత్యేకంగా అడగనంతవరకు సమాచార నిధి తనకు వీలైన క్రమంలో ఇస్తుంది. జాబితాలో మొదటి సంఖ్యకు మొదట వచ్చిన వరుసను జత చేస్తే మార్కులు తారుమారవుతాయి. రెండు వందల సంఖ్యలలో మూడు అసలు పట్టికలోనే లేకపోతే నూట తొంభై ఏడు వరుసలు నిశ్శబ్దంగా వస్తాయి. ఆ మూడు ఏమైనవని ఎవరూ చెప్పరు. ఆ ముగ్గురు విద్యార్థులకు ఉపకారవేతనం రాదు, ఎందుకు రాలేదో వారికీ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు. రూబీ ఆన్ రెయిల్స్ అనే మరొక ఫ్రేమ్‌వర్క్ ఇక్కడ వేరే వైఖరి తీసుకుంది. డెన్మార్క్‌కు చెందిన డేవిడ్ హైనెమయర్ హాన్సన్ 2004లో విడుదల చేసిన ఈ ఉపకరణంలో ఫైండ్ అనే ఆజ్ఞకు సంఖ్యల జాబితా ఇస్తే, వాటిలో ఒక్కటి లేకపోయినా పని మొత్తం ఆపి దోషం ప్రకటిస్తుంది. ఉన్నవి చాలుననుకుంటే వేర్ అనే ఆజ్ఞ వేరుగా ఉంది. డబ్బు, మార్కులు, మందులు వంటి విషయాలలో ఈ కటువైన పద్ధతే ఉత్తమమని నాకు తోస్తుంది.

జాంగోలో ఈ లోపాన్ని సరిదిద్దుకోవడానికి ఇన్‌బల్క్ అనే ఆజ్ఞ తోడ్పడుతుంది. అది వరుసలను వట్టి జాబితాగా కాక, సంఖ్యకు వరుసను జతపరచిన నిఘంటువుగా ఇస్తుంది. 43 అని అడిగితే 43వ వరుసే వస్తుంది. క్రమం తప్పే ప్రసక్తి ఉండదు. మనం పంపిన సంఖ్యలలో ఏవి నిఘంటువులో లేవో చూస్తే తప్పిపోయినవారెవరో వెంటనే తెలుస్తుంది. చీటీ మరీ పొడవైతే కొన్ని సమాచార నిధులు తిరస్కరిస్తాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. అటువంటప్పుడు వేలను వందలుగా విడగొట్టి పంపుతారు.

ఇంతవరకు చెప్పినదంతా సరైన వరుసను చేరడం గురించి. చేరిన వరుసను అడిగినవారికి ఇవ్వవచ్చునా అన్నది వేరే ప్రశ్న. నా దృష్టిలో ఇదే పెద్ద ప్రశ్న.

వెబ్‌సైటు చిరునామా చివర ఒక్కొక్కసారి ఒక సంఖ్య కనిపిస్తుంది. విద్యార్థి అనే మాట, ఏటవాలు గీత, ఆపైన 4172 అని ఉన్నదనుకోండి. ఆ సంఖ్య ఐడి. జాంగో దానిని చిరునామా నుండి తీసుకొని, అంకెలు తప్ప మరేమీ లేవని సరిచూసి, గెట్ చేసి ఆ విద్యార్థి వివరాలు చూపుతుంది. ఇప్పుడు ఒక కుతూహలం గల కుర్రవాడు 4172ను చెరిపి 4173 అని కొడితే ఏమవుతుంది? ప్రోగ్రాం రాసినవారు జాగ్రత్తపడకపోతే పక్కవారి వివరాలు తెరుచుకుంటాయి. తాళం పగలగొట్టలేదు, గోడ దూకలేదు. పక్కింటి నంబరు చెప్పాడు, తలుపు తీశారు.

ఇది ఊహ కాదు. అమెరికాలో ఇళ్లు, స్థలాల హక్కులకు బీమా కల్పించే ఫస్ట్ అమెరికన్ ఫైనాన్షియల్ అనే పెద్ద సంస్థ వెబ్‌సైటులో ఇదే జరిగింది. చిరునామాలోని సంఖ్యను మార్చినంత మాత్రాన, ఏ సంకేతపదమూ లేకుండానే ఇతరుల పత్రాలు చూడగలిగే స్థితి ఉన్నదని 2019 మే నెలలో బ్రయన్ క్రెబ్స్ అనే పాత్రికేయుడు వెల్లడించాడు. 2003 నాటి నుండి ఉన్న సుమారు 88 కోట్ల 50 లక్షల పత్రాలు ఆ విధంగా అందుబాటులో ఉన్నాయి. వాటిలో బ్యాంకు ఖాతాల సంఖ్యలు, గుర్తింపు పత్రాల చిత్రాలు ఉన్నాయి. వెబ్ భద్రతకు సంబంధించి ఓవాస్ప్ అనే సంస్థ 2021లో ప్రకటించిన పది ముఖ్య ప్రమాదాల పట్టికలో మొదటి స్థానం ఈ జాతి దోషాలకే దక్కింది.

వరుస సంఖ్యలు మరొక రహస్యాన్ని కూడా వెలిపుచ్చుతాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీ నెలకు ఎన్ని ట్యాంకులు తయారుచేస్తున్నదో మిత్రపక్షాలకు తెలియవలసి వచ్చింది. 1942 ఆగస్టు నెలకు గూఢచారులు వేసిన లెక్క 1,550. పట్టుబడిన ట్యాంకుల భాగాలపై ఉన్న వరుస సంఖ్యలను పరిశీలించి గణాంక శాస్త్రవేత్తలు వేసిన లెక్క 327. యుద్ధానంతరం జర్మన్ రికార్డులు తెరిచి చూస్తే అసలు సంఖ్య 342 అని తేలింది. ఒక అంగడి వెబ్‌సైటులో మీరు సోమవారం కొన్నప్పుడు ఆర్డరు సంఖ్య 5,100, మంగళవారం కొన్నప్పుడు 5,180 అయితే, ఆ అంగడి వ్యాపారం ఏపాటిదో మీకు తెలిసిపోయినట్లే.

అందుకని కొందరు వరుస సంఖ్యకు బదులు యూయూఐడి అనే 128 బిట్ల గుర్తింపును బయటికి చూపుతారు. అంకెలు, అక్షరాలు కలిసిన 32 గుర్తుల పొడవైన మాట అది. దాని నాలుగవ రకంలో 122 బిట్లు యాదృచ్ఛికంగా ఏర్పడతాయి గనుక పక్కవారి గుర్తింపును ఊహించడం ఎవరికీ సాధ్యం కాదు. జాంగోలో దీనికి ప్రత్యేక ఏర్పాటు ఉంది. కాని ఇది తలుపు ఎక్కడున్నదో దాచడమే తప్ప తాళం వేయడం కాదు. ఆ పొడవైన మాటను ఎవరో మిత్రునికి పంపుతారు, ఆ మిత్రుడు మరొకరికి పంపుతాడు. అప్పుడు ఊహించవలసిన పని ఉండదు.

తాళం వేసే విధానం చాలా చిన్నది. విద్యార్థుల పట్టిక మొత్తాన్ని ఎదుట పెట్టుకొని 4173ను తెమ్మని అడగరాదు. లోనికి వచ్చినవారు ఎవరో ముందు తెలుసుకొని, వారికి చెందిన నమోదులను మాత్రమే ఫిల్టర్ చేసి, ఆ చిన్న సముదాయంలో 4173ను తెమ్మనాలి. తన నమోదు అయితే దొరుకుతుంది. కాకపోతే, ఆ సముదాయంలో అటువంటి సంఖ్యే లేదు గనుక 404 వస్తుంది. అది ఉన్నది గాని చూసే అనుమతి మీకు లేదు అని చెప్పడం కంటె లేదు అనడమే మేలు. అనుమతి లేదంటే, అక్కడ ఎవరో ఉన్నారని ఒప్పుకొన్నట్లే గదా.

ఈ పని చేయడానికి అదనంగా అయ్యే శ్రమ ఒక్క మాట. అయినా తరచు మరచిపోతారని, కారణమేమంటే ప్రోగ్రాం రాసేవారు తమ సంఖ్యతోనే పరీక్షించుకొని సరిగా వచ్చిందని తృప్తిపడతారని నా విద్యార్థి చెప్పారు. ఆయన ఏ పేజీ రాసినా ముందుగా ఇద్దరు కల్పిత వినియోగదారులను సృష్టించి, ఒకరి పేరుతో లోనికి వెళ్లి రెండవవారి సంఖ్య అడుగుతారట. 404 వచ్చిన తర్వాతనే మిగిలిన పేజీ రాయడం మొదలుపెడతారట. ఆ కల్పిత వినియోగదారులు ఇద్దరికీ పేరు, ఇంటిపేరు ఒకటే పెట్టడం నా కథ విన్న తర్వాత ఆయన చేసుకున్న అలవాటు.